జీవితసుఖమునకు న్యాయస్థానములు కట్టిన వెల



నేటి ప్రసంగవిషయము కోర్టులకు సంబంధించినది. అయినను ఇది వకీళ్ల కొఱకు చెప్పునది కాదు. రచ్చబండ వద్ద కూర్చుండి, ఇరుపక్షముల మాటలు విని, రాజీ కుదుర్చు పెద్దమనుష్యుల కొఱకు చెప్పునది. మనుష్యునికి పరుల అజాగ్రత్తవలన దెబ్బ తగిలినపుడు వైద్యమునకైన ఖర్చు, పోయిన కూలి, ఈ రెంటిని మించి అతడు కోలుపోయినది మఱేదైన ఉన్నదా? ఉన్నచో దానికి వెల కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు న్యాయస్థానములు కాలక్రమమున ఏమని సమాధానము చెప్పినవో మనవి చేయుదును.

కొన్ని యేండ్ల క్రిందట కీసర మార్గమున లారీ తగిలి నాకు తెలిసిన ఒక వృద్ధుని కాలు విఱిగినది. ఎముక అతికినది గాని మోకాలు మఱల వంగలేదు. లారీ యజమాని పక్షమువారు, ఇతని బంధువులు, ఊరి పెద్దలు కూర్చుండిరి. బడిపంతులను గనుక లెక్క వ్రాయు పని నాకు అప్పగించిరి. దవాఖాన ఖర్చు, మందులు, రాకపోకలు, నాలుగు నెలల కూలి అన్నియు కూడి మొత్తము తేల్చితిమి. ఇరుపక్షములవారును సమ్మతించిరి. అందఱును లేవబోవు సమయమున ఆ వృద్ధుడు నాతో, "పంతులుగారూ, దవాఖాన లెక్క సరిపోయింది. ఏటా శివరాత్రికి మనుమణ్ణి భుజం మీద కూసోబెట్టుకొని గుట్ట ఎక్కేటోణ్ణి. అది ఏ లెక్కల రాసిండ్రు?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేదు. కాగితముపై అప్పటికే వ్రేలిముద్రలు పడియుండెను.

కీసరగుట్టపై శ్రీరామలింగేశ్వరస్వామి కొలువైయున్న సంగతియు, శివరాత్రినాడు అచట జరుగు జాతర సంగతియు మీకు తెలిసినవే. ఆ గుట్ట ఎక్కుట వలన ఎవనికిని కూలి రాదు. ఎక్కలేకపోయినందున కూలి పోదు. అయినను ఆ వృద్ధునికి నష్టము కలిగెను గదా! ఆ నష్టమునకే నేటి న్యాయభాషలో జీవితసుఖనష్టమని పేరు. ఆ పేరు పుట్టుటకు చాల కాలము పట్టినది.

మన ధర్మశాస్త్రములతో ప్రారంభింతము. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున, ఒకని అవయవమునకు పీడ కలిగించి గాయపఱచినవానిచేత సముత్థానవ్యయమును ఇప్పింపవలెనని విధింపబడినది. సముత్థానమనగా మఱల లేచి తిరుగగల స్థితి. ఆ స్థితి కలుగు వఱకు అయిన ఖర్చు సముత్థానవ్యయము. యాజ్ఞవల్క్యుడును ఇట్లే విధించి, దానిపై రాజదండమును చేర్చెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దానిని అనుసరించి పదమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. కావున వ్యవహారధర్మము తెలుగువారికి తెలుగుననే యేడు నూఱుల యేండ్లకు పూర్వమే అందినది. దండము రాజునకు, వైద్యవ్యయము గాయపడినవానికి చెందునట్టి ఈ యేర్పాటు మంచిదే. కాని మఱల లేవజాలనివాని మాట యేమి? సముత్థానమే లేనివానికి సముత్థానవ్యయమనగా నేమి? ఆ విధులలో ఈ ప్రశ్నకు సమాధానము కానరాదు.

రోమను దేశపు ధర్మమును ఇంచుమించుగా ఇట్లే యుండెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునకు చెందిన గాయుసు అను న్యాయవేత్త ఒక నియమము చెప్పెను. ఇంటి పైనుండి పడవేసిన వస్తువు తగిలి స్వతంత్రుడైన మనుష్యుడు గాయపడినచో, వైద్యుని ప్రతిఫలమును, పోయిన కూలిని, ఇకమీదట పోబోవు కూలిని ఇప్పింపవలయును. మచ్చలకును వికారమునకును వెల కట్టరాదు. ఏలయన స్వతంత్రుని దేహమునకు వెల లేదు. బానిసకు వెల కలదు, స్వతంత్రునికి లేదని ఆ కాలపువారి భావము. ఇందు మనుష్యదేహముపై గౌరవము కలదు. కాని ఫలితమేమి? వెలకట్టరానిది అను మాట, వెల యియ్యనక్కఱలేనిది అను మాటగా మాఱినది. ఆ గౌరవమువలన లాభము పొందినవాడు గాయపఱచినవాడే. ఈ చిక్కు విడిపోవుటకు పదునెనిమిది శతాబ్దములు పట్టినది.

ఆంగ్లేయుల కాలమున మన దేశమున 1855లో ప్రాణహాని ప్రమాదముల చట్టము వచ్చినది. ఒకడు మరణించినచో అతని సంపాదనపై ఆధారపడిన భార్యకు, బిడ్డలకు, తలిదండ్రులకు కలిగిన ధననష్టమును అది లెక్కించెను. 1923లో కార్మికుల పరిహారపు చట్టము వచ్చినది. యంత్రములో పడి బొటనవ్రేలు పోయినచో నూటికి ఇన్ని వంతుల సంపాదనశక్తి పోయినదని పట్టిక వేసి కొలుచుట దాని పద్ధతి. ఆ తరువాతి దశాబ్దములలో ఉప్పల్, నాచారము ప్రాంతములందు కర్మాగారములు వెలసినపుడు మన ప్రక్కయూళ్ల వారెందఱో ఈ పట్టికనే నమ్ముకొనిరి. వేగముగా సొమ్ము వచ్చుట దాని మేలు. కాని అది చేతిని కొలిచినది, మనుష్యుని కొలువలేదు. ఆ చేతితోనే అతడు సాయంకాలము మృదంగము వాయించెడివాడా, బిడ్డకు అన్నము కలిపి పెట్టెడివాడా యని ఆ పట్టిక అడుగదు.

ఆ ప్రశ్న మొదట స్పష్టముగా వినవచ్చినది ఇంగ్లండులో. ఫ్లింట్, లోవెల్ అనువారి వ్యాజ్యమునందు గాయపడినవాడు డెబ్బదియేండ్లకు చేరువైనవాడు. దృఢకాయుడు, ఉత్సాహవంతుడు. మఱి యెనిమిది తొమ్మిదేండ్లు సుఖముగా బ్రదుకవలసినవాని ఆయువు ప్రమాదమువలన కొలది కాలమునకు కుదించుకొని పోయినది. పోయిన ఆ యేండ్లు అతని సొత్తనియు, వానికి పరిహారము ఇయ్యవలెననియు న్యాయస్థానము నిర్ణయించెను. ముసలివానికి ఇంకేమి మిగిలినదని మనమందుము. మిగిలినది కొంచెమైనను అది అతనిదే యని ఆ తీర్పు చెప్పినది.

1937లో అచటి అత్యున్నతసభ దీనిని మఱియొక అడుగు ముందునకు నడిపెను. ఇరువదిమూడేండ్ల యువతి ప్రమాదములో గాయపడగా కాలు తీసివేసిరి. నాలుగు దినములకు ఆమె మరణించెను. కోలుపోయిన ఆయువు నిమిత్తమైన హక్కు ఆమెతోడనే పోదనియు, ఆమె వారసులకు చెందుననియు సభ తీర్పు చెప్పెను. పిదప రెండున్నర యేండ్ల శిశువు మరణించిన వ్యాజ్యము వచ్చెను. క్రింది న్యాయాధిపతి 1,200 పౌనులు ఇప్పించియుండెను. అత్యున్నతసభ దానిని 200 పౌనులకు తగ్గించెను. లార్డ్ చాన్సలర్ సైమను ప్రభువు చెప్పిన కారణము గమనింపదగినది. లెక్కింపవలసినది దినముల సంఖ్య కాదు. ఆ జీవితమున కలుగబోవు సుఖము. పసిబిడ్డ జీవితము ఎట్లుండునో ఎవరికిని తెలియదు గనుక స్వల్పమైన సొమ్మే ఉచితమని ఆయన తలచెను.

ఈ తీర్పులో వెలుగును, చీకటియు రెండును కలవు. జీవితమునకు కొలబద్ద సంపాదన కాదు, సుఖము అని పలుకుట వెలుగు. ఆ సుఖమును రెండు నూఱుల పౌనులతో ముగించుట చీకటి. అటుతరువాత ఆ పద్దు క్రింద ఇచ్చు సొమ్ము ఆచారమునకు ఇచ్చు తాంబూలము వంటిదైపోయెను. తుదకు 1982లో ఇంగ్లండు శాసనసభ ఆయుర్నష్టమను పద్దును కొట్టివేసినది. తన ఆయువు తఱిగినదని తెలిసి రోగి పొందు మనోవ్యథను మాత్రము బాధ క్రింద గణింపవలసినదని విధించినది.

ఇక మన దేశమునకు వత్తము. ఈ విషయమున మొదటి ముఖ్యమైన తీర్పు వ్రాసినది తెలుగువాడే. రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు మొదటి ప్రధానన్యాయమూర్తియై, పిదప సుప్రీముకోర్టునకు పోయి, 1966లో భారతదేశ ప్రధానన్యాయమూర్తి యైరి. 1961లో గోబాల్డ్ మోటారు సర్వీసువారి అప్పీలు ఆయన యెదుటికి వచ్చెను. 1947లో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి నెలలో, ధారాపురము పళని మార్గమున బస్సు ప్రమాదమునకు గురియై ఒక ప్రయాణికుడు మూడు దినములకు మరణించెను. కుటుంబమునకు పోయిన పోషణ నిమిత్తము మదరాసు హైకోర్టు 25,200 రూపాయలు ఇప్పించెను. మృతుడు పొందిన బాధ, కోలుపోయిన ఆయువు నిమిత్తము 5,000 రూపాయలు వేఱుగా లెక్కింపబడెను. బస్సు యజమానులు దీనిని ఆక్షేపించిరి.

సుబ్బారావుగారు విషయమును తేటతెల్లము చేసిరి. కుటుంబమునకు కలిగిన నష్టము వేఱు, మృతుడు తాను పొందిన నష్టము వేఱు. రెండు హక్కులును స్వతంత్రములు. ఒకే నష్టమును రెండు పద్దుల క్రింద రెండు మాఱులు లెక్కింపరాదు. కాని రెండు నష్టములున్నచో ఒకదానిని మింగివేయరాదు. మృతుని జీవితము అతనిదే గాని కేవలము ఇంటికి సంపాదించి పెట్టు యంత్రము కాదని దీని సారాంశము.

ఇంతవఱకు చెప్పినది ముఖ్యముగా మరణమును గూర్చి. ప్రాణము మిగిలి దేహము చెడినవాని మాట యింకను కఠినమైనది. 1963లో ఇంగ్లండు అత్యున్నతసభకు ఇట్టి వ్యాజ్యమే వచ్చెను. నలువదియొక్క యేండ్ల స్త్రీ మెదడునకు దెబ్బ తగిలి, తన స్థితిని తెలిసికొనగల తెలివి చాలవఱకు కోలుపోయెను. తెలియని నష్టము నష్టమగునా యని వాదము వచ్చినది. అయిదుగురు న్యాయాధిపతులలో ముగ్గురు అగునని, ఇద్దఱు అంత పెద్ద మొత్తము తగదని చెప్పిరి. బాధ అనుభవించువానికే తెలియును. కాని సుఖము పోవుట తెలిసినను తెలియకున్నను పోవుటయే యని అధికసంఖ్యాకుల మతము. నిద్రించువాని ఇల్లు దోచినను అది దొంగతనమే గదా!

మన దేశమున 1956లో మోటారు చట్టమును సవరించి, ప్రమాదముల పరిహారమునకై ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పఱచు వీలు కల్పించిరి. పేదవాడు పెద్ద వ్యాజ్యము నడపు శ్రమ కొంత తగ్గినది. 1995లో సుప్రీముకోర్టు, ప్రమాదమువలన నడుము క్రింది భాగము చచ్చుబడిన ఒక న్యాయవాది విషయమున బాధకు 1,50,000 రూపాయలును, జీవితసుఖనష్టమునకు 1,50,000 రూపాయలును వేఱువేఱుగా ఇప్పించెను. నడచుట, పరుగెత్తుట, కూర్చుండుట వంటి సామాన్యకార్యములు చేయలేకపోవుట ఒక నష్టమని ఆ తీర్పు స్పష్టపఱచినది. గమనింపుడు: నడకకు కూలి లేదు. అయినను నడక పోయినచో పరిహారము కలదు.

మన హైదరాబాదులోనే జరిగిన ఒక వ్యవహారము ఈ చరిత్రలో చిరస్మరణీయము. 1990లో ఇరువదియేండ్ల ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలోని గడ్డ విషయమై నిజాం వైద్యవిజ్ఞానసంస్థలో శస్త్రచికిత్స జరిగెను. అది ముగిసిన పిమ్మట అతని నడుము క్రింది భాగము చచ్చుబడినది. వెన్నెముకకు సంబంధించిన చికిత్స కావచ్చునని యెఱిగియు నరముల శస్త్రవైద్యుని దగ్గఱ ఉంచుకొనకపోవుట, పరీక్షకు మాత్రమే అనుమతి పొంది గడ్డనే తీసివేయుట దోషములని నిర్ణయము. జాతీయ వినియోగదారుల కమిషను 1999లో 15,50,000 రూపాయలు ఇప్పించెను. రెండు పక్షములును సుప్రీముకోర్టునకు పోయినవి. ఆ యువకుడు చక్రముల కుర్చీలో కూర్చుండి తన వాదము తానే వినిపించెను. 2009 మే 14వ తేదీన ఒక కోటి రూపాయలును, 1999 మార్చి నుండి నూటికి 6 వంతుల వడ్డీయు ఇయ్యవలసినదని తీర్పు వచ్చెను.

ఇందలి విశేషము ఏమనగా, ఆ యువకుడు అంతటి ఆపదలోను చదువు ముగించి ఉద్యోగము సంపాదించెను. సంపాదన యొక్కటే కొలబద్దయైనచో, అతనికి పోయినది కొంచెమే యని వాదింపవచ్చును. న్యాయస్థానము అట్లు తలపలేదు. జీవితాంతము కావలసిన దాది, వాహనము నడపువాడు, అంగవ్యాయామచికిత్స, మందులు, సంపాదనకు రాబోవు కొఱత లెక్కించుటయే గాక, అనుభవించిన వ్యథకు 10 లక్షలు ప్రత్యేకముగా ఇప్పించెను. బాధితుడు కోరినదెల్ల ఈయవలెననుట తగదు, ఏమియు ఈయనక్కఱలేదని ఎదుటిపక్షము వాదించుటయు తగదు, నడిమిమార్గము వెదకవలెనని ఆ తీర్పు చెప్పినది. నష్టము కలిగించినవాడు తన ఓర్మిచే తల యెత్తిన బాధితుని ఓర్మినే తనకు రాయితీగా చూపరాదని మనము దీనినుండి గ్రహింపవలెను.

2010లో సుప్రీముకోర్టు ఈ పద్దులనన్నిటిని ఒక వరుసలో పెట్టెను. ధనమునకు సంబంధించినవి మూడు: వైద్యవ్యయము, పోయిన మఱియు పోబోవు సంపాదన, ముందు కావలసిన వైద్యము. ధనమునకు సంబంధింపనివి మూడు: బాధ, వ్యథ యొకటి, వివాహావకాశములతో కూడిన జీవితసుఖనష్టము రెండవది, ఆయుర్నష్టము మూడవది. చిన్న దెబ్బలకు అన్నియు వర్తింపవనియు, శాశ్వతవైకల్యము కలిగినచోటనే తుది పద్దులు చూడవలెననియు హెచ్చరించినది. ఇంగ్లండు కొట్టివేసిన ఆయుర్నష్టపు పద్దు మన దేశమున ఇట్లు నిలిచినది.

సంపాదనయే లేని పసివారి విషయమున 2013లో మఱియొక మార్గము చూపబడినది. శాశ్వతవైకల్యము నూటికి 10 మొదలు 30 వఱకు ఉన్నచో 3 లక్షలు, 60 వఱకు 4 లక్షలు, 90 వఱకు 5 లక్షలు, అంతకు మించినచో 6 లక్షలు, వైద్యము మున్నగు ఖర్చులు గాక, బాధకును సుఖనష్టమునకును ఇప్పింపవచ్చునని న్యాయస్థానము సూచించెను. 2020లో హర్యానాకు చెందిన ఒక బాలిక వ్యాజ్యమున ఈ మొత్తమును మించి పోయినది. పండ్రెండవ యేట ప్రమాదమునకు గురియైన ఆ బిడ్డ మనస్సు తొమ్మిది నెలల శిశువు మనస్సు వలె నిలిచిపోయెను. ఆమెకు మొత్తము 62,27,000 రూపాయలు ఇప్పించుచు, అందు 15 లక్షలు బాధకును జీవితసుఖనష్టమునకును కేటాయించిరి. తన నష్టము తనకు తెలియని బిడ్డ అది. అయినను నష్టము నష్టమే యని నిలిచినది.

మరణము సంభవించినచోట లెక్క వేఱు. 2017లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మృతుని ఆస్తినష్టమునకు 15,000, ఆప్తసాహచర్యము పోయినందులకు 40,000, అంత్యక్రియలకు 15,000 రూపాయలని స్థిరపఱచి, మూడేండ్లకొకమాఱు నూటికి పదివంతులు పెంచవలెనని చెప్పినది. పోషణనష్టము వీనికి అదనము. పోయినవాడు తాను కోలుపోయిన సుఖమునకు ప్రత్యేకమైన కొలత ఇందు లేదు. బ్రదికియున్నవాని సుఖమునకు లక్షలు, చనిపోయినవాని సుఖమునకు స్థిరమైన చిన్న మొత్తము అనుట వింతగా తోచవచ్చును. కాని పరిహారము బ్రదికియున్నవాని శేషజీవితమును కొంత సహింపదగినదిగా చేయగలదు. పోయినవానికి అది చేరదు. బహుశః ఇందుచేతనే న్యాయము ఆ త్రోవ పట్టినది.

ఇచట ఇద్దఱు ఆక్షేపించువారు కలరు. డబ్బుతో సుఖము మఱల వచ్చునా యని ఒకడు అడుగును. రాదు. న్యాయస్థానములును వచ్చునని చెప్పలేదు. గుట్ట ఎక్కలేనివానిని గుట్ట వఱకు చేర్చు బండికి, ఎత్తుకొని పోవు మనిషికి, ఒంటరిగా గడుపవలసిన దినములకు తోడైన వస్తువునకు ఆ సొమ్ము ఉపకరించును. అంతకంటె ముఖ్యముగా, నీకు నష్టము జరిగినదని నలుగురి యెదుట ఒప్పుకొనుట అందు కలదు. దురాశ పెరుగునని రెండవవాడు భయపడును. అది నిజమే. అందుచేతనే వైద్యుల సాక్ష్యము, వైకల్యపు కొలత, నడిమిమార్గము అను కట్టుబాట్లు ఏర్పడినవి. దురాశాపరుడు ఒకడున్నాడని నిజముగా నష్టపోయిన పదిమందికి నోరు కట్టుట న్యాయము కాదు.

ఈ పద్దులో మఱియొక గుణము కలదు. సంపాదన లెక్కలో ధనికుని కాలు ఎక్కువ, కూలివాని కాలు తక్కువ. సుఖనష్టపు లెక్కలో అట్టి భేదమునకు తావు లేదు. సంధ్యవేళ చెఱువుగట్టుపై నడచు ఆనందము ఇద్దఱికిని ఒక్కటే. కూలి లేని ముసలివానికి, ఇంటిపనియే తప్ప జీతమెఱుగని తల్లికి, బడికి పోవు బిడ్డకు నష్టపరిహారపు పత్రములో తన మనుష్యత్వము కనబడు చోటు ఇదియే.

పెద్దలారా! ఘటకేసరు, ఉప్పల్ మార్గముల వెంటను, కీసర ప్రక్కగా పోవు వలయరహదారి వెంటను వాహనముల రాకపోకలు నానాటికి హెచ్చుచున్నవి. ప్రమాదము జరిగినపుడు ముందుగా మీ వద్దకే వత్తురు. గాయము పెద్దదైనచో తొందరపడి రాజీ కాగితముపై వ్రేలిముద్ర వేయింపకుడు. వైకల్యము నిలుచునో పోవునో వైద్యుడు చెప్పువఱకు ఆగుడు. అట్లని ట్రిబ్యునలునకు పోవు గడువును దాటనీయకుడు. 2022 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన సవరణ ప్రమాదము జరిగిన నాటినుండి ఆఱు నెలల గడువును విధించినది. లెక్క వ్రాయునపుడు దవాఖాన ఖర్చు, కూలి అను రెండు పద్దుల క్రింద మూడవ పద్దునకు చోటు విడువుడు. నిన్న చేయగలిగి నేడు చేయలేకపోవుచున్నదేమని గాయపడినవానినే అడుగుడు. అతడు చెప్పినది వ్రాయుడు.

నాడు నేను ఆ ప్రశ్న అడుగలేదు. అడుగవలసినవాడు నేనే యైయుండగా, ఆ వృద్ధుడు నన్ను అడుగవలసి వచ్చెను. ఆ కాగితమును నేనిపుడు మార్చలేను. మీరు వ్రాయబోవు కాగితములైనను సరిగా నుండునుగాక యని కోరుచున్నాను.